క్షామమునకు కర్త యెవరు?

వానలు కురియలేదు, పైరులు ఎండినవి, ప్రజలు మరణించిరి: క్షామములను గూర్చి దొరతనములు చెప్పుకొను కథ సారాంశమున నింతియే. ఆకాశమును ముద్దాయిగా బోనులో నిలిపి, కచ్చేరీలను, ఖజానాలను నిర్దోషులుగా విడిచిపుచ్చుట పాలకులకు అలవడిన విద్య. మన జనులును కర్మమని నిట్టూర్చి ఆ తీర్పునకు తలయొగ్గుచు వచ్చిరి. ఆ తీర్పు అన్యాయమని మా వాదము. అనావృష్టి దైవికమగుగాక; ఆకలిచావు మాత్రము మానవకృతము. అది జరుగుటయు జరుగకుండుటయు పాలకులు ప్రజలకు జవాబు చెప్పవలసియున్నారా లేదా యను దానిపై ఆధారపడియున్నవి. చదువరులు సాక్ష్యమును పరికింతురు గాక.

1876లో, ధాత నామ సంవత్సరమున, చెన్నపురి రాజధానిలో వానలు తప్పినవి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు మాడిపోయినవి. మన పెద్దలు చెప్పుకొను ధాత కరవు ఇదియే. సర్ రిచర్డు టెంపుల్ అను దొర క్షామ విచారణకై దిగెను. ఇతడు 1873-74లో బిహారున కరవు రాగా బర్మానుండి బియ్యము తెప్పించి జనులను కాపాడినవాడు. నాడు చనిపోయినవారు మిక్కిలి కొలదిమంది. అందులకు లభించిన బహుమాన మేమి? ధనము దుబారా చేసెనన్న నింద! ఆ నింద మోసిన యాతడే 1877లో, ఎండలో మట్టి మోయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఈ కూలితో ప్రాణము నిలువదని చెన్నపురి ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ మొరపెట్టెను. ఆ యేటి జనవరి 1వ తేదీననే ఢిల్లీలో లిట్టన్ ప్రభువు విక్టోరియా రాణిని హిందూదేశ సామ్రాజ్ఞిగా చాటుచు దర్బారు తీర్చెను. ఈ దేశపు గోధుమలు ఇంగ్లండునకు ఓడలెక్కుచునే యుండెను. తుదకు బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే 50 లక్షలకు మించి జనులు మడసిరి.

దొర ఒక్కడే, మారినదేమి? రూపాయి ఖర్చయినచో అడుగువారు కలకత్తాలోను లండనులోను ఉండిరి. ప్రాణము పోయినచో అడుగువారు ఎచ్చటను లేకపోయిరి. క్షామమునకు మూలమిదియే.

వంగదేశమున 1943లో జరిగినదియు నిట్టిదే. 1942లో బర్మా జపానువారి వశమైనది. శత్రువునకు చిక్కకూడదని ప్రభుత్వము పల్లెవాసుల పడవలను లాగుకొనెను. రాష్ట్రములు ధాన్యమునకు ఎల్లలు కట్టినవి. 1941లో కంటె 1943లో ధాన్యము తక్కువ కాదని అమర్త్యసేన్ లెక్కలతో వాదించెను. క్షామ నిబంధనల ప్రకారము ప్రకటన చేసినచో అన్నము పెట్టవలసి వచ్చును గనుక, క్షామమున్నదని ప్రకటింపనే లేదు! ఆ యేటి ఆగష్టులో స్టేట్స్‌మన్ పత్రిక కలకత్తా వీధులలోని శవముల ఛాయాచిత్రములు ప్రచురించిన పిమ్మటగాని లోకము కన్నులు తెరువలేదు. మృతులు 15 లక్షలని 1945లో సర్కారీ విచారణ సంఘమే అంగీకరించెను. 30 లక్షలని తరువాతి పరిశోధకులు పలువురు చెప్పుదురు.

అట్లయిన పరప్రభుత్వము తొలగిన చాలునా? చాలదని చైనా సాక్ష్యమిచ్చుచున్నది. పాలకులు స్వదేశీయులే, పేదల పేరనే రాజ్యమేలినవారు. 1958 మొదలు అధికారులు పై వారి మెప్పునకై లేని పంటను ఉన్నట్లు లెక్క వ్రాసిరి. ఆ లెక్కను బట్టి రైతు గాదెలు ఊడ్చి, ధాన్యమును విదేశములకు సైతము పంపిరి. 1959లో సేనాని పెంగ్ దెహువై లోపములెత్తి చూపగా పదవి ఊడినది. పత్రికలకు సమృద్ధిని వర్ణించుటకు తప్ప అనుమతి లేదు. 1961 నాటికి తక్కువ లెక్కనే కోటిన్నర మంది గతించిరి. మూడు కోట్లు దాటిరనువారును కలరు.

ఇక ఎదుటి సాక్ష్యము. 1972-73లో మహారాష్ట్రమున వరుస అనావృష్టి. శాసనసభలో ప్రశ్నలు, వీధులలో ఊరేగింపులు, పత్రికలలో గగ్గోలు. ప్రభుత్వము కదిలి పనులు పెట్టినది. 1973 వేసవిలో ఆ పనులలో సుమారు 50 లక్షలమంది కూలి పొందిరి. మహాక్షామము తప్పినది. ఆఫ్రికాలో కలహారి యెడారి పరచుకొన్న బోట్స్వానా 1966లో స్వతంత్రమగు నాటికి కడు పేద దేశము. కాని అచ్చట ఎన్నికలు క్రమముగా జరుగుచున్నవి. 1982 నుండి 1987 వరకు వానలు లేకున్నను, పనులు కల్పించి, బిడ్డలకు అన్నము పెట్టి ప్రజలను నిలుపుకొనెను. ఆ కాలముననే సైనికుల ఏలుబడిలోని ఇథియోపియాలో లక్షలమంది కూలిపోవుచుండగా, 1984 సెప్టెంబరులో పాలకులు తమ విప్లవ దశమ వార్షికోత్సవమును అట్టహాసముగా జరుపుకొనిరి. ఢిల్లీ దర్బారు ఎరిగిన మనకు ఇది క్రొత్త దృశ్యమా?

అయినను మన పఠనమందిరములలో కొందరు విద్యావంతులు, "ఈ ఎన్నికలు, ఈ వాదములు ఎందులకు? ఒక్క బలమైన చేయి చాలదా? చైనా నేడు ధనవంతము కాలేదా?" అనుచుందురు. 1978 తరువాత చైనా కోట్లమందిని దారిద్ర్యమునుండి తేల్చిన మాట నిజము. దానిని దాచుట మా పద్ధతి కాదు. మన దేశమున 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన ఎత్తు ఎదుగలేదని తేలుటయు నిజము. కాని ఆ బలమైన చేయి తప్పు చేసిననాడు పట్టి ఆపువారెవరు? 1959లో ఆపబోయినవాని గతి చూచితిమి గదా!

మన లోపము ప్రశ్న ఎక్కువగుట కాదు, చాలకపోవుట. శవము వీధిలో పడిన పత్రికలు గర్జించును; బక్కచిక్కిన బిడ్డ నిశ్శబ్దముగ గోడకానుకొనియున్న ఎవరును అడుగరు. కావున గర్జించు ఆకలి తొలగినది, మౌనముగనున్న ఆకలి మిగిలినది. సోదరులారా, రేషను దుకాణమున తూకము నడుగుడు. అంగన్‌వాడీలో గ్రుడ్డు నడుగుడు. ఓటునకై వచ్చినవానిని మీ వీధి బిడ్డల బరువెంత యని అడుగుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. అమ్మయే పెట్టనిచో, సర్కారు పెట్టునా?