మబ్బు మన చేతిలో లేదు, తూమైనా మన చేతికి రావాలి!

పసిఫిక్ మహాసముద్రంలో నియూ అని ఒక దీవి ఉంది. విస్తీర్ణం 260 చదరపు కిలోమీటర్లు. అంటే మన జిల్లాలో ఒక మండలం పాటిది. జనం రెండు వేల లోపే. నేలంతా పగడపు రాయి. నది లేదు, వాగు లేదు, కురిసిన వాన కురిసినట్టే రాతిలోకి ఇంకిపోతుంది. అయినా 1974 నుంచి ఆ దీవికి సొంత శాసనసభ ఉంది, అందులో 20 మంది సభ్యులున్నారు. న్యూజిలాండ్ అండ ఉన్నా ఇంటి పాలన వాళ్లదే.

మరి మన రాయలసీమ? పాత నాలుగు జిల్లాలు కలిపితే 67 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. కేరళ కంటే చాలా పెద్దది. 2011 లెక్కల్లోనే కోటిన్నర జనం. "మీరు చిన్నోళ్లు, విడిపోతే ఎట్ల బతుకుతారు?" అని అడిగే పెద్దమనుషులు ముందు పటం తీసి చూడాలి.

అనంతపురం కరువు దేవుడి శాపం కాదు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం ఇంతదూరం వచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఎర్రనేలలో శనక్కాయే దిక్కు. అది ఎండితే బెంగళూరు బస్సు.

ఇది ప్రకృతి చేసింది. మరి మనుషులు చేసింది?

1800లో నిజాం మనల్ని కుంపిణీకి ధారపోశాడు. 1928లో నంద్యాల సభలో 'దత్తమండలాలు' అనే పేరు వదిలించుకుని రాయలసీమ అయ్యాం. పేరు మారింది, రాత మారలేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో మనకు ముందువాటా అన్నారు. రాజధానో హైకోర్టో, ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే 1956లో హైదరాబాదుకు పోయింది. 2014 విభజన తర్వాత రాజధాని అమరావతికి, 2019లో హైకోర్టు కూడా అక్కడికే. 2024లో కర్నూలుకు హైకోర్టు బెంచి ఇవ్వాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. హక్కుగా రావాల్సింది ముక్కలుగా, దయగా వస్తోంది.

రాష్ట్రం వస్తే వాన కురుస్తుందా అంటారు. కురవదు, ఆ మాట మేమే ఒప్పుకుంటాం. నియూ కూడా న్యూజిలాండ్ సాయం మీదే నడుస్తోంది. దీవిలో కంటే న్యూజిలాండ్‌లోనే నియూ జనం ఎక్కువ. సొంత పాలన మంత్రదండం కాదు.

కానీ ఏ కాలువ ముందు తవ్వాలో, ఏ తూము ముందు ఎత్తాలో తేల్చేది పాలనే. హంద్రీ-నీవా నీళ్లు 2012లో జీడిపల్లికి చేరాయి. ప్రధాన కాలువ పక్కనే చేన్లు పెట్టుకుని, పిల్లకాలువల కోసం రైతులు ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. అదే పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వస్తుందంటే గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లు పరుగెత్తాయి. ఫ్యాక్టరీ వద్దనడం లేదు. మనసుంటే నీళ్లొస్తాయని రుజువైందంటున్నాం, అంతే.

అందుకే ఇకమీదట మన పల్లెకొచ్చే ప్రతి నాయకుణ్నీ రచ్చబండ దగ్గర నిలబెట్టి అడుగుదాం. మా చేనికి పిల్లకాలువ ఏ సంవత్సరం వస్తుంది? శ్రీబాగ్ మాట ఏ చట్టంలో రాస్తారు? జవాబు లేకపోతే, మా తూము తాళం మాకే ఇచ్చేయండి. ఆ తాళం పేరే రాయలసీమ రాష్ట్రం!