వాహనముల పొగ తనిఖీని గూర్చి సిరిసిల్ల పౌరుల వినతిపత్రము

రాజన్న సిరిసిల్ల జిల్లా కలెక్టరు గారి సన్నిధికి, జిల్లా రవాణా అధికారి గారికిని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వారికిని ప్రతులతో, సిరిసిల్ల పట్టణ నివాసులు, మరనేత కార్మికులు, ఆటో కార్మికులు, వర్తకులు ప్రజావాణియందు సవినయముగా సమర్పించుకొను విన్నపము.

విషయము: వాహన కాలుష్య ధ్రువపత్రముల జారీలో జరుగుచున్న లోపములు, పట్టణ వాయుశుద్ధికై తీసుకొనవలసిన చర్యలు.

ఆర్యా,

బి.వై. నగర్, సుందరయ్యనగర్ మొదలగు వాడలలో సాంచలు (మరమగ్గములు) నడుపుకొని జీవించు మాకు కార్ఖానాలోని నూలుధూళి వృత్తితోపాటు సంక్రమించిన బాధ. దానిని గూర్చి నేడు మొరపెట్టుకొనుటకు మేము రాలేదు. పండ్రెండు గంటలు సాంచల నడుమ నిలిచి వెలుపలికి వచ్చిన కార్మికునకు వీధిలోనైనను పీల్చదగిన గాలి లభింపవలెనను ఒక్క కోరికయే మమ్ములను తమ సన్నిధికి రప్పించినది. కరీంనగరమునుండి కామారెడ్డికి పోవు రహదారి మా పట్టణము నడుమగా సాగుచున్నది. సిద్దిపేట దిక్కునుండి వచ్చు దారి తంగళ్లపల్లి మీదుగా మానేరు వంతెన దాటి దానితో గలియుచున్నది. నూలు బీములను, గుడ్డ తానులను మోయు లారీలు, ఇసుకను కంకరను తరలించు టిప్పర్లు, పల్లెలకు జనమును చేరవేయు ఆటోలు, వేములవాడ రాజన్న దర్శనమునకు వచ్చు భక్తుల బండ్లు, ఇవన్నియు ఈ ఇరుకుదారులనే ఆశ్రయింపవలసి యున్నందున, మహాశివరాత్రి జాతర దినములందు కూడలికడ నిలిచినవానికి ఎదుటి మనిషి మొగము పొగలో మసకగా దోచుచుండును.

ఈ పొగను అదుపుచేయుటకు చట్టము లేకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 115వ నిబంధన ననుసరించి, ప్రథమ రిజిస్ట్రేషను జరిగి ఏడాది దాటిన ప్రతి వాహనమునకును కాలుష్య ధ్రువపత్రము ఉండితీరవలెను. పాత బండ్లకు దాని గడువు ఆరునెలలు, భారత్ స్టేజ్-4 మొదలు ఆపై ప్రమాణముల బండ్లకు పండ్రెండు నెలలు. ఆ పత్రము లేనిదే బీమాను పునరుద్ధరింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2017 ఆగస్టులో ఆదేశించినది. 2024లో ఆ షరతును తొలగించినను, పత్రము మాత్రము తప్పనిసరియే. కావున మా ఫిర్యాదు చట్టము లేదని గాదు. చట్టము కోరినది పొగ పరీక్షను కాగా, ఆచరణలో మిగిలినది కాగితపు పరీక్ష మాత్రమేయని మా ఫిర్యాదు.

పరీక్ష యెట్లు జరుగవలెనో తమకు మేము చెప్పనక్కరలేదు. అయినను మా అభియోగము స్పష్టపడుటకై రెండు మాటలు విన్నవింతుము. పెట్రోలు బండి యింజను నెమ్మదిగా తిరుగుచుండగా పరీక్షాయంత్రపు నాళమును పొగగొట్టములో లోతుగా నుంచి, కార్బన్ మోనాక్సైడు శాతమును, మండక మిగిలిన హైడ్రోకార్బనుల పరిమాణమును కొలువవలెను. డీజిలు బండి యింజను వేడెక్కిన పిదప, గేరు వేయక యాక్సిలరేటరును పలుమారులు పూర్తిగా త్రొక్కి, ప్రతిమారును వెలువడిన పొగ సాంద్రతను చూడవలెను. అది పాత బండ్లకు 65, స్టేజ్-4 బండ్లకు 50 హార్ట్రిడ్జి అంకెలను మించరాదు. ఇదంతయు నిమిషమాత్రములో ముగియు పని గాదు. మాలో నొక ఆటో సోదరుడు ఇటీవల నొక కేంద్రమునకు పోగా, అచ్చటి కుర్రవాడు ఇంజను ఆగి యుండగనే నంబరు ప్లేటును ఫోటో తీసి, నాళమును కొక్కెమునుండి దింపకయే, దశాంశములతో సహా కొలతలు ముద్రించిన పత్రమును చేతికిచ్చెను. రుసుము చెల్లించినాడు, పత్రము చేతికి వచ్చినది, పోలీసు తనిఖీలో అది చెల్లినది. బండి మాత్రము నిన్నటివలెనే నల్లని పొగను గ్రక్కుచు పోయినది. ఇది ఒక్కనికి గలిగిన అనుభవము గాదని, ఈ వినతిపత్రముపై సంతకములు చేసిన వాహనదారులలో పలువురు చెప్పుచున్నారు.

ఈ దోషము మా పట్టణమునకే ప్రత్యేకమని మేమనుట లేదు. రాజధాని నగరమైన ఢిల్లీలో నిర్ణీత పరిమితికి మించి పొగ వెడలించిన లక్షకు పైబడిన వాహనములకు ధ్రువపత్రములు లభించినవనియు, ఒకే కేంద్రమున ఒకే సమయమున పెక్కు వాహనములను పరీక్షించినట్లు లెక్కలున్నవనియు, 2025లో అచ్చటి శాసనసభకు సమర్పింపబడిన కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదిక బయటపెట్టినది. దీనికి మూలకారణము మా బుద్ధికి దోచినంతలో ఇది: బండిని పరీక్షలో తప్పించిన కేంద్రమునకు వాహనదారుడు మరల పోడు, పక్క కేంద్రమునకు పోవును, కావున కేంద్రముల వారికి కాఠిన్యము నష్టము, ఉదారత లాభము. 1984 నుండి పొగ తనిఖీ నడుపుచున్న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, ఒకప్పుడు కొన్ని తరగతుల బండ్లను, పరీక్షయే తప్ప మరమ్మతు చేయని కేంద్రములకే పంపు ఏర్పాటు చేసికొన్నది. బండి గెలుపోటములతో పరీక్షకునికి లాభనష్టములు ఉండరాదను వివేకమే దానికి మూలము.

ఒక కేంద్రము నిజాయితీని కనుగొనుటకు తమ చేతిలోనే సులభమైన సాధనము గలదు. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఒకే నమూనా పత్రమును నిర్ణయించుచు, పరీక్షలో తప్పిన బండికి కొలతలతో కూడిన తిరస్కరణ పత్రము ఇయ్యవలెనని ఏర్పరచినది. నెలల తరబడి వందలకొలది బండ్లను చూచియు ఒక్క తిరస్కరణ పత్రమునైన ఇయ్యని కేంద్రము ఉండెనేని, అచ్చట పరీక్ష జరుగుట లేదనుటకు వేరు సాక్ష్యమేల?

మాలో పలువురము ఆటోలు నడుపుకొను పేదలము. పొగను గూర్చి మొరపెట్టుకొనుచు శిక్షనుండి మాత్రము తప్పించుకొనజూచుచున్నామని తమరు తలంపవలదు. చలానా కట్టించుకొని బండిని వదలివేయుటవలన పొగ తగ్గదు. ఆ చలానా సొమ్ము ఇంజెక్టరు శుద్ధికి, ఎయిర్ ఫిల్టరు మార్పునకు వెచ్చించిన తగ్గును. 116వ నిబంధన సైతము, సబ్ ఇన్‌స్పెక్టరుగాని మోటారు వాహన ఇన్‌స్పెక్టరుగాని అనుమానము కలిగిన బండిని పరీక్షకు పంపుటకును, తప్పిన బండిని ఏడు దినములలో బాగుచేయించుకొని వచ్చుటకును అవకాశము కల్పించుచున్నది. ఆ మార్గము ననుసరింపక, ఆటోవాని జేబు తడుముటయే తనిఖీగా సాగుచు, పట్టణము నడుమ పట్టపగలు మేఘమువలె పొగ క్రమ్ముకొని పోవు టిప్పరును మాత్రము చేయెత్తి ఆపువారు లేకుండుట మాకు బాధ గలిగించుచున్నది. వయసు మీరిన బండ్లపై హరితపన్ను వసూలగుచున్నది. ఆ ధనములో కొంతయైన మా గాలి బాగునకు వినియోగపడవలెనని కోరుట అత్యాశ గాజాలదు.

మరియొక మాట. నేటి ధ్రువపత్ర పరీక్ష సూక్ష్మ ధూళికణములను, నైట్రోజను ఆక్సైడులను కొలువదు. అనగా పత్రములన్నియు నిజమైనవే యైనను, గాలి బాగుగ నున్నదో లేదో గాలినే కొలిచి తెలిసికొనవలెను. 2009 నవంబరులో ప్రకటింపబడిన జాతీయ ప్రమాణముల ప్రకారము, 2.5 మైక్రానులలోపు కణములు ఘనపు మీటరు గాలిలో ఇరువదినాలుగు గంటల సగటున 60 మైక్రోగ్రాములను, సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములను మించరాదు. 2019లో ఆరంభమైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమములో మన రాష్ట్రమునుండి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరువు మొదలగునవి చేరినవి. పెద్ద నగరములకు నిధులు లభించుట న్యాయమే. కాని చిన్న పట్టణమైనంత మాత్రమున, నూలుధూళితో ముందే అలసిన మావారి ఊపిరితిత్తులు ఎక్కువ పొగను సహింపజాలవు గదా!

కావున ఈ క్రింది కోరికలను దయతో ఆలకింప ప్రార్థించుచున్నాము.

1. జిల్లాలోని ధ్రువపత్ర కేంద్రములన్నింటిని, సంచార పరీక్షా బండ్లతో సహా, ముందు తెలుపక తనిఖీ చేయించి, యంత్రములు సరిగా కొలుచుచున్నవో లేదో పరీక్షింపవలెను.

2. ప్రతి కేంద్రము నెలలో ఇచ్చిన ధ్రువపత్రముల సంఖ్యను, తిరస్కరణ పత్రముల సంఖ్యను ప్రజలు చూచునట్లు ప్రకటింపవలెను.

3. తనిఖీలు మొదట టిప్పర్లు, లారీలు, పురపాలక సంఘపు చెత్త బండ్లు, ప్రభుత్వ శాఖలు అద్దెకు నడుపు వాహనములతో ఆరంభింపవలెను.

4. తప్పిన ఆటోలకు జరిమానాకు ముందు ఏడు దినముల గడువునిచ్చి, హరితపన్ను నిధులతో మరమ్మతు శిబిరములు నడుపవలెను.

5. పట్టణము నడుమ గాలి కొలతలను నిరంతరము నమోదుచేసి, ఆ అంకెలను తెలుగులో ఫలకముపై చూపవలెను.

6. జాతర దినములలో భారీ వాహనములను పట్టణము వెలుపలినుండి మళ్లింపవలెను.

ఈ పత్రముపై సంతకము చేసిన వాహనదారులమందరము, తమరు నిర్ణయించిన సోమవారమున మా బండ్లను రగుడులోని కలెక్టరేటు ఆవరణమునకు తెచ్చి, ప్రజలందరు చూచుచుండగా పరీక్షకు నిలుపుటకు సిద్ధముగా నున్నాము. తప్పిన బండిని బాగుచేయించుకొనునంతవరకు రోడ్డెక్కింపమని మాట యిచ్చుచున్నాము. ఆ వరుసలోనే ప్రభుత్వ వాహనములును, టిప్పర్లును నిలుచునట్లు ఆదేశింపుడని మాత్రమే మా ప్రార్థన.

సిరిసిల్ల

ఇట్లు,
తమ విధేయులు,
సిరిసిల్ల పట్టణ పౌరులు, మరనేత కార్మికులు, ఆటో కార్మికులు, వర్తకులు