శ్రీశైలం రోడ్డు: నడుమ ఊర్లు ఎవ్వరికి పట్టవా?

చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి దక్షిణం దిక్కు పోయే రోడ్డుకు సర్కారు కాయితాలల్ల పేరు 765 నంబరు జాతీయ రహదారి. మొన్నమొన్నటి దాక అది ఉత్త రాష్ట్ర రహదారే. జనం మాత్రం ఎప్పటినుంచో శ్రీశైలం రోడ్డు అనే అంటున్నరు. చివరి ఊరి పేరే రోడ్డుకు పేరైంది. నడుమ రెండు వందల కిలోమీటర్ల పొడుగున బతికేటోళ్లు ఆ పేరుల ఎక్కడా లేరు. పేరుల లేకపోతే పాయె, పాలకుల లెక్కలనన్న ఉన్నరా అన్నదే మన ప్రశ్న.

గుట్ట మీది చెన్నకేశవుని పేరు మీద చెన్నరాయునిగుట్ట, అదే నోట్ల నలిగి చాంద్రాయణగుట్ట అయిందని పెద్దలంటరు. దాటంగనే బార్కస్. నిజాం కొలువుకు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్‌లే బార్కస్ అయినయి. 1948 తర్వాత కొలువులు పోయినయి, జామకాయలు మిగిలినయి. ఇంకొంచెం ముందుకు పోతే పహాడీషరీఫ్ దర్గా. ఒక్క తొవ్వ మీద కేశవుని గుట్ట, అరబ్బుల బస్తీ, బాబా దర్గా. పాతబస్తీ అంటే చార్మినార్ ఫొటో తప్ప ఇంకోటి యాదికి రానోళ్లు ఒక్కసారి ఈ దిక్కు రావాలె.

మామిడిపల్లి దాటి తుక్కుగూడకు వస్తే బోర్డులు మారుతయి. 2008 మార్చిల శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన్రు. దానికోసం ఐదున్నర వేల ఎకరాల దాక భూమి పోయింది. ఆ వెనకనే ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఇక కందుకూరు, ముచ్చర్ల దిక్కు ఒకప్పుడు ఫార్మాసిటీ అన్నరు, 2024ల ఫ్యూచర్ సిటీ అన్నరు. పేరు మారింది, అడిగే భూమి మాత్రం ఆ రైతులదే. రోడ్డుకు రెండు దిక్కుల వెంచర్ల జెండాలు చూసి ఊర్లు బాగుపడ్డయనుకునేటోళ్లున్నరు. అమ్మినోడు ఎటు పోయిండు, కొన్నోడు ఎక్కడ ఉంటడు అని అడిగితే ఆ భ్రమ పోతది.

కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మ. బండి ఆపి కొబ్బరికాయ కొట్టకుండ డ్రైవర్లు ముందుకు పోరు. ఆమనగల్లు, కల్వకుర్తి, వంగూరు గేటు, డిండి, హాజీపూర్, మన్ననూరు. 2016ల జిల్లాలు చీల్చినంక ఈ తొవ్వ రంగారెడ్డిల నడిచి, నాగర్‌కర్నూలుకు పోయి, డిండి కాడ నల్లగొండను తొక్కి, మళ్ల నాగర్‌కర్నూలుల పడ్తది. ఆమనగల్లును పాలమూరు నుంచి రంగారెడ్డిల కలిపిన్రు. జిల్లా మారినంత మాత్రాన బోరుల నీళ్లు పడవు గదా. కల్వకుర్తి పేరు దేశమంతా వినబడ్డది ఒక్కసారే, 1989ల ఎన్టీ రామారావు అక్కడ ఓడిపోయినప్పుడు. కరువు, వలస ఎన్నేండ్లున్నా అంత పెద్ద వార్త కాలేదు.

డిండి చెరువు నిజాం కాలంల, 1940ల మొదట్ల కట్టింది. అదొక్కటే ఈ తొవ్వ మీద మనకోసం ఆగిన నీళ్ల లెక్క చాలాకాలం ఉండె.

అసలు ఈ తొవ్వ చరిత్ర బస్సులది కాదు, కాళ్లది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటరు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన మన ఉమామహేశ్వరం. రంగాపురం గుట్టల మీదున్న ఆ ఉత్తర ద్వారం కాడికి వచ్చి, నల్లమలల పడి భక్తులు నడిచి పోయెటోళ్లు. అడవి తొవ్వ తెలిసినోళ్లు చెంచులు. మల్లన్నను తమ అల్లుడంటరు వాళ్లు. అల్లుని గుడికి రోడ్డు వచ్చింది, అత్తగారింటికి ఇప్పటికీ సక్కగ బాట లేదు. 1940ల మొదట్ల హైమన్‌డార్ఫ్ చెంచులతోటి ఉండి పుస్తకం రాసిండు, నిజాం సర్కారు అమ్రాబాద్ గుట్టల మీద వాళ్లకు రిజర్వు కేటాయించింది. 1983ల అదే అడవి పులుల రక్షిత ప్రాంతమైంది. అప్పటినుంచి చెంచును అడవిల అతిథిని చూసినట్టు చూస్తున్నరు.

కాలిబాట బస్సు తొవ్వ అయిందంటే దాని వెనక డ్యామ్ ఉన్నది. 1963ల నెహ్రూ శంకుస్థాపన చేసిండు, 1980లల్ల నీళ్లు నిలిచినయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలల్ల వంద దాక ఊర్లు మునిగినయి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి అలంపురంల మళ్ల కట్టిన్రు. దేవునికి పునరావాసం పక్కాగ జరిగింది, మంచిదే. మనుషులకు? ఇంటికో కొలువిస్తమని 98 జీవో తెచ్చిన్రు. ఆ జీవో పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి తలలు నెరిసినోళ్లు కొల్లాపూర్ దిక్కు కొల్లలు.

ఎడమ గట్టున ఈగలపెంట కాడ గుట్ట కింద 900 మెగావాట్ల కరెంటు కేంద్రం ఉన్నది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలొచ్చి 9 మంది సచ్చిపోయిన్రు. నల్లగొండకు నీళ్లు తెచ్చే సొరంగం దోమలపెంట దగ్గర మొదలైతది. 2025 ఫిబ్రవరి 22న అది కూలి 8 మంది లోపలనే చిక్కిన్రు. నెలలు వెతికితే రెండు శవాలు దొరికినయి. వాళ్లల్ల జార్ఖండ్ కూలీలున్నరు. ఒకప్పుడు దేశంల ఏ డ్యామ్ కాడ చూసినా పాలమూరు లేబర్ ఉండె. ఇప్పుడు పాలమూరు గుట్టల కింద మరో రాష్ట్రం బిడ్డ పోయిండు. ఊర్లు మారినయి, తట్ట మోసేటోని బతుకు మారలే.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నమంటే, మన్ననూరు నుంచి శ్రీశైలం దాక అడవి మీదుగ స్తంభాల మీద నాలుగు వరుసల రోడ్డు వేస్తమని సర్కారు ప్రతిపాదన పెట్టింది. కింద పులి తిరుగుతది, పైన కారు పోతది అంటున్నరు. జంతువులకు అది మేలే కావచ్చు. ఘాట్ మలుపులల్ల ప్రమాదాలు తగ్గుతయనే మాటల కూడ నిజమున్నది. మేం గుడ్డిగ వద్దంటలేము. కాని పైనుంచి పోయే రోడ్డు అంటే ఏందో పట్నపోళ్లకు తెల్వంది కాదు. 2009 అక్టోబరుల మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాక 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచిన్రు. విమానం ఎక్కేటోనికి అరగంట మిగిలింది. దాని కింద కూరగాయలు అమ్మేటోనికి నీడ మిగిలింది. అంతే.

అదే లెక్క నల్లమలల వేస్తే వటవర్లపల్లి ఏమైతది? ఇయ్యాల చెయ్యెత్తితే బస్సు ఆగుతది. స్తంభం మీది బస్సుకు ఎవడు చెయ్యెత్తాలె? పాత రోడ్డు ఉంచుతరా, మూస్తరా? మూస్తే పెంటలల్ల ఉన్న చెంచు పిల్లలు బడికి, ముసలోళ్లు దవాఖానకు ఎట్ల పోవాలె? తేనె, చింతపండు ఎక్కడ అమ్మాలె? చైత్ర పున్నమి సలేశ్వరం జాతరకు జనం ఎక్కడ దిగాలె? నగరం నుంచి శనివారం బయలుదేరి డ్యామ్ గేట్లు చూసి వచ్చేటోని టైమును కొలిచే సర్కారు, వీళ్ల టైమును కూడ కొలవాలె.

యురేనియం తవ్వుతమని వచ్చినప్పుడు నల్లమల లేచింది. 2019 సెప్టెంబరుల శాసనసభే వద్దని తీర్మానం చేసింది. అంటే అడవి మాట వింటే వినబడ్తది, వినాలన్న మనసుండాలె. 2006 అటవీ హక్కుల చట్టం, 1996 పెసా చట్టం గ్రామసభను అడగమనే చెప్తున్నయి. మన్ననూరుల మంత్రి మీటింగు గ్రామసభ కాదు. ప్రతి పెంటల, చెంచులకు అర్థమయ్యే మాటల చెప్పి, వాళ్ల సంతకం కాదు, వాళ్ల జవాబు తీసుకోవాలె.

మన్ననూరు గేటు రాత్రి 9కి పడి పొద్దుగాల 6కు లేస్తది. పడాల్నె, ఆ నేల పులిది కూడ. కాని పురిటి నొప్పులకు గేటు టైము తెల్వది. వేల కోట్ల స్తంభాల కంటె ముందు, గేటు లోపలి దిక్కు రాత్రంతా ఒక 108 బండి, ఒక నర్సు ఉండేటట్టు చూడున్రి. తర్వాత ఆ రోడ్డు నక్షను తెలుగుల అచ్చేసి ప్రతి పంచాయతీ గోడకు అతికించున్రి. వటవర్లపల్లి కాడ దిగే తొవ్వ గీసిన్రో లేదో మేమే చూసుకుంటం.