గురువుకూ ఒక గంట కావాలి

నేర్పేవాడు నేర్చుకోవడం మానకూడదంటారు పెద్దలు. ఈ మాట ఎంత నిజమో 2020 మార్చిలో విద్యాలయాలు మూతపడినప్పుడు లోకానికి తెలిసివచ్చింది. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన చేతులు రాత్రికి రాత్రే జూమ్, గూగుల్ క్లాస్‌రూమ్ పట్టుకోవలసి వచ్చింది.

మాది వ్యవసాయ కుటుంబం. ట్రాక్టరు కొన్నంతమాత్రాన దుక్కి బాగుపడదు, నేల అదునూ పదునూ తెలియాలి గదా! బోర్డు మీది నోట్సునే తెర మీద చూపిస్తే ఒరిగేదేమీ లేదు. బోర్డు చూపలేనిది చూపినప్పుడే దానికి విలువ. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆరంభించిన ‘ఫెట్’ సిమ్యులేషన్లనే తీసుకోండి. వాయువును వేడిచేస్తే అణువులు ఎట్లా పరుగులు తీస్తాయో కళ్లారా చూడొచ్చు. పైగా అవి ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తాయి. సిగ్నల్ కోసం డాబా ఎక్కే పల్లెటూరి విద్యార్థికి అంతకన్నా ఏం కావాలి?

“ఈ వయసులో మాకెందుకయ్యా ఇవన్నీ” అనే లెక్చరర్లు లేకపోలేదు. తప్పంతా వారిదే అనను. సర్క్యులరు పంపి, ఒక్కపూట శిక్షణతో చేతులు దులుపుకుంటే ఎవరికి మాత్రం వస్తుంది? టైంటేబుల్లో వారానికి ఒక గంట వారు నేర్చుకునేందుకే కేటాయించాలి. చిన్నప్పటినుంచీ ఫోను నొక్కుతున్న మనం పక్కన కూర్చుని సాయపడాలి. శిష్యుణ్ణి అడగడం గురువుకు చిన్నతనం కాదు. తడబడితే నవ్వడమే మనకు చిన్నతనం.

మిత్రులారా! వెనక బెంచీలో అర్థంకాక దిక్కులు చూసేవాణ్ణి ఏ తెరా కనిపెట్టలేదు, మాస్టారే కనిపెట్టాలి. కనుకనే ఈ సాధనాలు ఆయన చేతిలో ఉండాలి. ఆ గంట కోసం మన విద్యార్థి సంఘమే ముందుగా అడగాలని నా మనవి.