పసిపిల్లల బడిలో విరేచనాలు



పసిపిల్లల బడిలో ఒక బిడ్డకు వాంతులు, విరేచనాలు మొదలైతే మూడవ రోజుకల్లా మరికొందరికి అంటుకొనుట మనమెరిగినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రోటావైరస్ చుక్కలు ఉచితంగా వేస్తున్నారు గాని, నోరోవైరస్‌కు టీకా లేదు. శానిటైజరు దానిమీద సరిగా పనిచేయదు. సబ్బుతో చేతులు కడగవలసిందే. వాంతిని తుడిచిన పిమ్మట ఆ చోటును బ్లీచింగు పౌడరు నీళ్లతో కడగాలి.

అన్నీ ఆగిన తరువాత కూడ 48 గంటలు బిడ్డను ఇంట ఉంచాలి. చిక్కంతా ఇక్కడే. కూలికి వెళ్లే తల్లికి అది రెండు రోజుల కూలి. చెప్పకుండా దింపి పోయేవారిని నిందించడానికి మాకు నోరు రాదు.

నిర్వాహకులు దాచడం మాత్రం మాకు బొత్తిగా సమ్మతం కాదు. బిడ్డ పేరు చెప్పనక్కరలేదు. "ఈ గదిలో ఇద్దరికి విరేచనాలు" అని ఆ సాయంత్రమే గుమ్మం దగ్గర పలక మీద వ్రాస్తే, తల్లులు ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చి ఉంచుకొంటారు.