మార్కుల కోసమా సరిగమలు?

వేసవి సెలవులు వస్తే చాలామంది అమ్మానాన్నలకు సంగీతం క్లాసు గుర్తొస్తుంది. 'పాపకు జ్ఞాపకశక్తి పెరుగుతుందా? లెక్కల్లో మార్కులొస్తాయా?'... మాస్టారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్నలివే. బడి తెరిచి ట్యూషన్లు మొదలయ్యాయా, మొదట మానిపించేదీ ఆ క్లాసునే!

ఈ ఆశకు ఊపునిచ్చింది 1993లో అమెరికాలో జరిగిన ఓ పరిశోధన. మొజార్ట్ సంగీతం విన్నవాళ్లు ఒక రకం పరీక్షలో కాస్త మెరుగ్గా రాణించారన్నది దాని సారాంశం. అంతే, 'పాట వింటే పిల్లలకు తెలివి పెరుగుతుంది' అన్న ప్రచారం ఊరూరా పాకింది. నిజానికి అందులో పాల్గొన్నది పిల్లలు కాదు, కాలేజీ విద్యార్థులు. ప్రభావం ఉన్నదీ పది పదిహేను నిమిషాలే! దాదాపు ఏడువేల మంది పిల్లలకు సంబంధించిన 54 అధ్యయనాలను 2020లో ఒక్కచోట చేర్చి చూసినా, సంగీతం వల్ల చదువులో ముందుంటారనడానికి గట్టి ఆధారం దొరకలేదు.

మరి నేర్పించడం దండగా? కానే కాదు.

చెయ్యి... గొంతు... చెవి

సరళీ స్వరాలు పాడే చిన్నారిని గమనించండి. చెయ్యి ఆదితాళం లెక్క తప్పకుండా వేస్తుంటుంది. గొంతు మాయామాళవగౌళ పలుకుతుంటుంది. చెవి శ్రుతిని వదలదు. రెండో కాలంలో వేగం రెట్టింపవుతుంది, అయినా తాళం చెదరకూడదు. తప్పితే మళ్లీ మొదటికి! తప్పినందుకు మార్కులు పోవు, మళ్లీ పాడితే చాలు. ర్యాంకుల చదువులో ఈ అవకాశం ఎక్కడుంది?

దీనికి ఓపిక కావాలి. లాస్‌ఏంజెలెస్‌లోని పేద పిల్లలపై చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. ఏడాది నేర్చుకున్నా తేడా కనిపించలేదు. రెండేళ్లు నేర్చుకున్నాక మాత్రం, దగ్గరదగ్గరగా వినిపించే అక్షరాలను వాళ్ల మెదడు మరింత స్పష్టంగా గుర్తించింది. రెండు నెలల వేసవి క్లాసుతో అద్భుతాలు ఆశించేవారు ఆలోచించాల్సిన మాట ఇది.

ఫీజు అడగని గురువులు

గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలకు తొలి పాఠశాల నాన్న పాడే తరంగాలే. ఆ తండ్రి చిన్నప్పుడే దూరమయ్యారు. చేతిలో డబ్బు లేకుండా విజయనగరం చేరిన ఆ కుర్రాడికి పట్రాయని సీతారామశాస్త్రి ఉచితంగా విద్య నేర్పారు. అన్నం కోసం జోలె పట్టి మధుకరం ఎత్తుకుంటూనే ఘంటసాల సాధన చేశారు.

దివిసీమలోని శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు కథా అలాంటిదే. పసికందుగానే తల్లిని పోగొట్టుకున్న బాలమురళీకృష్ణను ఆయన విజయవాడలో శిష్యుడిగా చేర్చుకుని తీర్చిదిద్దారు.

అందరూ ఘంటసాలలు కానక్కర్లేదు. కానీ, నేర్చుకునే అవకాశం అందరికీ ఉండాలి కదా! మంగినపూడి తీరాన వల లాగే ఇంట్లోనూ శ్రుతిగా పాడే పిల్ల ఉండొచ్చు. నెలనెలా ఫీజు కట్టడం ఆ ఇంటికి భారం. బడిలోనే ఓ పీరియడ్ ఉంటే ఆ పిల్లకూ పాట అందుతుంది. చదువునూ కళలనూ వేరుచేసి చూడొద్దని 2020 జాతీయ విద్యావిధానమూ చెప్పింది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగినట్టే, 'మా పిల్లలకు పాట ఎప్పుడు నేర్పుతారు?' అనీ అడగండి.

ఇంట్లో చేయాల్సింది చాలా చిన్న పని. రోజూ పది నిమిషాలు టీవీ ఆపి, పిల్లలు పాడేది వినండి. 'స్టేజీ ఎప్పుడెక్కుతావ్?' అని మాత్రం అడగకండి.