ఏటి మేటి ఆల్బమ్: హేతువు చెప్పని తీర్పు విమర్శ కాగలదా?

ఏటా డిసెంబరులో ఇంగ్లీషు సంగీత పత్రికలు ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌ల పట్టికలను ప్రకటిస్తాయి. ఆ తర్వాత కొద్ది వారాలకు అమెరికాలోని రికార్డింగ్ అకాడమీ గ్రామీ పురస్కారాల సభలో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ను ప్రకటిస్తుంది. వెంటనే వాదం మొదలవుతుంది. ఫలానా ఆల్బమ్‌కు అన్యాయం జరిగిందని ఒకరు, విమర్శకులకు జనం నాడి తెలియదని మరొకరు, రుచి ఎవరిది వారిదే కనుక వాదమే వృథా అని ఇంకొకరు అంటారు. ఈ మూడు పక్షాలూ అసలు ప్రశ్నను తప్పించుకుంటున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. ఏ ఆల్బమ్ గెలిచిందన్నది రెండో ప్రశ్న. ఆ తీర్పుకు హేతువు చెప్పారా, చెప్పకపోతే దానిని విమర్శ అనవచ్చునా అన్నది మొదటి ప్రశ్న.

పాటను సాహిత్య ప్రక్రియగా పరిశోధిస్తున్న తెలుగు శాఖలకు ఈ చర్చ దూరమైనది కాదు. గీతరచయితలపై వెలువడే సిద్ధాంత వ్యాసాలలో పురస్కారాల జాబితా మొదట్లో పరిచయంగా వచ్చి, ముగింపుకు చేరేసరికి ప్రమాణంగా మారిపోతున్నది. అందుకే తీర్పుల వ్యవస్థ అత్యంత విస్తారంగా, అత్యంత బహిరంగంగా నడిచే చోట దానిని పరిశీలించడం మనకు అవసరం.

ఎన్నిక, విమర్శ

ఈ వాదాలలో రెండు భిన్న వ్యవస్థలు తరచూ ఒకటిగా కలిసిపోతాయి. గ్రామీ విమర్శకుల తీర్పు కాదు. గాయకులు, వాద్యకారులు, గీతకర్తలు, నిర్మాతలు, ధ్వనిముద్రణ నిపుణులు సభ్యులుగా ఉన్న అకాడమీ జరిపే ఎన్నిక అది. విమర్శకుల ఎంపికకు చిరకాలం ప్రతినిధిగా నిలిచింది న్యూయార్క్‌లోని ‘విలేజ్ వాయిస్’ పత్రిక నిర్వహించిన ‘పాజ్ అండ్ జాప్’ అభిప్రాయ సేకరణ. 1971లో మొదలై, 1974 నుంచి ఏటా సాగిన ఈ ప్రయత్నాన్ని రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు దశాబ్దాల పాటు నడిపారు.

రెండు వ్యవస్థల మధ్య అంతరం 1988 నాటి సంగీతం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది విమర్శకులు పబ్లిక్ ఎనిమీ బృందం వెలువరించిన ర్యాప్ ఆల్బమ్ ‘ఇట్ టేక్స్ ఎ నేషన్ ఆఫ్ మిలియన్స్ టు హోల్డ్ అజ్ బ్యాక్’ను మొదటి స్థానంలో నిలిపారు. 1989 గ్రామీ సభలో జార్జ్ మైకేల్ ‘ఫెయిత్’ గెలిచింది; పబ్లిక్ ఎనిమీ ఆల్బమ్ ఆ విభాగంలో పోటీకి నామినేట్ కూడా కాలేదు. ర్యాప్‌కు గ్రామీ ప్రత్యేక పురస్కారం ఇవ్వడం మొదలైంది ఆ సభలోనే. ఆ ప్రదానాన్ని టెలివిజన్‌లో చూపబోమనడంతో కొందరు ర్యాప్ కళాకారులు సభను బహిష్కరించారు. ఒక నల్లజాతి కళారూపాన్ని కళగా గుర్తించాలా వద్దా అన్న ప్రశ్న ఎంపికల వెనుక నలిగిన కాలమది. కనుక ఇవి కేవలం రుచుల తగాదాలనడం చరిత్రను చూడకపోవడమే.

అమ్మకమే తీర్పు అనేవారికి

విమర్శకుల ఎంపికలను తోసిపుచ్చేవారి మొదటి ఆయుధం జనాదరణ. 2017 గ్రామీ సభలో అడెల్ ‘25’ గెలిచి, బియాన్సే ‘లెమనేడ్’ ఓడినప్పుడు ఈ వాదం గట్టిగా వినిపించింది. ‘25’ విడుదలైన తొలి వారంలోనే అమెరికాలో 33 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైన మాట నిజం. కానీ అమ్మకాల సంఖ్య కొనుగోలు అనే క్రియను మాత్రమే లెక్కిస్తుంది. కొన్నవాడు ఎందుకు మెచ్చాడో, అసలు మెచ్చాడో లేదో చెప్పదు. పైగా జనాదరణకూ విమర్శకుల ఎంపికకూ జన్మవైరం ఉన్నదన్న భావనకు ఆధారం లేదు. అమ్మకాలలో చరిత్ర సృష్టించిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను 1983లో పాజ్ అండ్ జాప్ విమర్శకులే మొదటి స్థానంలో నిలిపారు, 1984లో గ్రామీ కూడా దానికే దక్కింది.

ఇక ‘లెమనేడ్’ పక్షం వహించినవారి వాదమూ నిర్దోషం కాదు. విమర్శకులందరూ దానిని శిఖరాన నిలిపారు, అకాడమీయే కిందికి తోసింది అన్నది వారు చెప్పే కథ. 2016 పాజ్ అండ్ జాప్‌లో మొదటి స్థానం డేవిడ్ బౌవీ ‘బ్లాక్‌స్టార్’ది, ‘లెమనేడ్’ది రెండో స్థానం. బౌవీ ఆ ఆల్బమ్ వెలువడిన రెండు రోజులకే మరణించారు. ఆ మరణం శ్రోతల వినికిడిని ఎంతగా ప్రభావితం చేసిందో అంకెల పట్టికలోంచి తేల్చలేం. హేతువు రాసినవారి వ్యాసాలలోనే దానిని వెదకాలి. 2025లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’కు గ్రామీ లభించినప్పుడు పాత అన్యాయానికి పరిహారం జరిగిందన్నారు. 1999లో లారిన్ హిల్ తర్వాత ఒక నల్లజాతి మహిళకు ఈ పురస్కారం దక్కడం అదే మొదటిసారి కనుక ఆ సంతోషం సహజమే. కానీ అది పరిహారమా, ఆ ఆల్బమ్ గుణానికి లభించిన గౌరవమా? హేతువు ప్రకటించని తీర్పులో ఎవరికి కావలసిన హేతువును వారు చదువుకోవచ్చు. అదే దాని దోషం.

రుచి ఎవరిది వారిదే అనేవారికి

రెండో ఆయుధం రుచిభేదం. రుచులు వేరు కనుక తీర్పు అసాధ్యమన్న వాదం ఉదారంగా కనిపిస్తుంది గాని, నిజానికి అది విమర్శనే రద్దు చేస్తుంది. మన అలంకారికులకు రుచిభేదం తెలియనిది కాదు. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో భావకులను నాలుగు విధాలుగా చూపాడు: ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా అన్నీ ఆరగించే సతృణాభ్యవహారి, అసూయ వల్ల గుణాన్ని ఒప్పుకోలేని మత్సరి, తత్త్వాన్ని పట్టుకొని నిలిచే తత్త్వాభినివేశి. రుచులు వేరని గుర్తించి ఆయన ఊరుకోలేదు. ఏ రుచి వెనుక ఏ గుణదోషాలు పని చేస్తున్నాయో విడదీశాడు. ఓట్ల పెట్టెలో ఈ నలుగురి చీటీలకూ ఒకటే విలువ. నలుగురూ తమ తీర్పుకు కారణం రాయవలసి వచ్చినప్పుడే ఎవరు ఎవరో బయటపడుతుంది.

ఆధునిక తెలుగు విమర్శ కూడా ఈ పాఠాన్నే నేర్పింది. 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’లో కట్టమంచి రామలింగారెడ్డి ప్రబంధ కవిత్వంపై కఠినమైన తీర్పు చెప్పి, పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ఉన్నతంగా నిలిపారు. ఆ తీర్పును ఖండించినవారు ఎందరో ఉన్నారు. కానీ వారు ఖండించగలిగింది ఆయన భావనాశక్తి గురించి, కథానిర్మాణం గురించి తన కొలమానాలను విప్పి చెప్పినందువల్లనే. ఆయన పది ప్రబంధాల పేర్లు వరుసగా రాసి సూరనను మొదట పెట్టి ఊరుకొని ఉంటే, నూరేళ్ళ తర్వాత దాని గురించి మనం తరగతి గదులలో మాట్లాడుకొనేవారం కాదు.

లెక్కింపు దాచే విషయాలు

హేతువు లేనప్పుడు లెక్కింపు పద్ధతే హేతువు స్థానంలో కూర్చుంటుంది. పాజ్ అండ్ జాప్‌లో ప్రతి విమర్శకుడూ 10 ఆల్బమ్‌లకు మొత్తం 100 పాయింట్లు పంచవలసి ఉండేది. ఒకదానికి 30కి మించి, 5కు తగ్గి ఇవ్వకూడదన్న నియమం ఉండేది. చాలామంది ఓ మోస్తరుగా మెచ్చినదానికీ, కొద్దిమంది గాఢంగా ప్రేమించినదానికీ మధ్య తేడాను కొంతైనా పట్టుకొనే ప్రయత్నం ఇందులో ఉండేది. దానికి తోడు క్రిస్ట్‌గౌ ఏటా సుదీర్ఘ వ్యాసం రాసి ఆ ఫలితాన్ని తానే ప్రశ్నించేవారు. పాల్గొన్న విమర్శకుల వ్యాఖ్యలనూ ప్రచురించేవారు. ఆ పట్టిక విలువ అంకెలలో కంటె ఆ వ్యాసంలో, ఆ వ్యాఖ్యలలో ఎక్కువగా ఉంది.

గ్రామీ పద్ధతిలో ఇవేవీ లేవు. ఈ విభాగంలో నామినేషన్లు మొదట 5. 2019 సభ నుంచి 8, 2022లో 10, 2024లో తిరిగి 8. ఎనిమిది ఆల్బమ్‌ల మధ్య ఓట్లు చీలినప్పుడు సగానికి చాలా దిగువన ఉన్న వాటాతోనే ఒకటి గెలవవచ్చు. ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ప్రకటించరు. 2021 వరకు అనేక విభాగాలలో తుది నామినేషన్లను సభ్యుల పేర్లు వెల్లడించని సమీక్షా సంఘాలు నిర్ణయించేవి. ఆ ఏడాది వీకెండ్ ‘ఆఫ్టర్ అవర్స్’కు ఒక్క నామినేషన్ కూడా రాకపోవడంతో విమర్శలు చెలరేగి, చివరకు ఆ సంఘాలను చాలావరకు రద్దు చేశారు. వేలమంది సభ్యులు హేతువులు ఎలా రాయగలరని అడగవచ్చు. రాయలేరు, నిజమే. అలాంటప్పుడు దానిని ఎన్నిక అనాలి. విమర్శకు దక్కే గౌరవం దానికి ఇవ్వకూడదు.

ఈ కొలత విమర్శకుల పట్టికలకూ వర్తించాలి. ఆల్బమ్‌ల పేర్ల వరుస, ఒక్కొక్కదాని కింద రెండు మూడు వాక్యాల పొగడ్త: ఇదే నేడు రూఢి అయిన రూపం. యాభయ్యో స్థానానికీ యాభై ఒకటో స్థానానికీ తేడా ఏమిటో అందులో ఎవరూ చెప్పరు. చెప్పలేని తేడాను అంకెగా ప్రకటించడం విమర్శ పేరిట జరిగే మోసం.

ఏ కృతికి తీర్పు?

హేతువు చెప్పాలంటే ముందు కృతి ఏదో తేల్చాలి. కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’కు 2018లో పులిట్జర్ సంగీత పురస్కారం లభించింది, శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపలి కృతికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అదే ఏడాది గ్రామీలో అది బ్రూనో మార్స్ ‘24కె మ్యాజిక్’ చేతిలో ఓడింది. ‘డ్యామ్’ పాటలను తలకిందుల వరుసలో అమర్చిన కూర్పు కూడా 2017 చివర్లో అధికారికంగా వెలువడింది. అంటే అక్కడ క్రమమే అర్థంలో భాగం. దానిని ఆల్బమ్‌గా మెచ్చినవారు ఈ క్రమం గురించి మాట్లాడి తీరాలి. ‘లెమనేడ్’ చలనచిత్ర రూపంలోనూ వచ్చింది. అందులో వార్సాన్ షైర్ అనే కవయిత్రి కవిత్వం పాటలను కలుపుతుంది. ఆ కవిత్వం ఓటరు తూచిన కృతిలో భాగమా కాదా? హేతువు లేని తీర్పు ఈ ప్రశ్నను అడగనైనా అడగదు.

మన పరిశోధన ముందున్న పని

ఈ దృష్టితో మన వైపు చూద్దాం. ఉత్తమ గీతరచనకు జాతీయ చలనచిత్ర పురస్కారం ‘అల్లూరి సీతారామరాజు’ (1974) పాటకు శ్రీశ్రీకి లభించింది. ఆ తర్వాత తెలుగు పాటకు అది దక్కింది ‘మాతృదేవోభవ’ (1993)తో, వేటూరికి. ఈ జాబితాయే ప్రమాణమైతే, ‘శంకరాభరణం’, ‘సాగరసంగమం’, ‘సిరివెన్నెల’ చిత్రాలు వచ్చిన ఆ మధ్యకాలంలో దేశం మెచ్చదగిన తెలుగు గీతం ఒక్కటీ పుట్టలేదని ఒప్పుకోవాలి. సిరివెన్నెల సీతారామశాస్త్రికి ఆ పురస్కారం ఎన్నడూ దక్కలేదు. దక్కినవారిని దాని ఆధారంగా గొప్పవారనే పరిశోధకుడు, దక్కనివారి విషయంలో అదే తర్కాన్ని పాటించగలడా? పాటించలేడు. తనకు అనుకూలమైనప్పుడే పనికివచ్చేది ప్రమాణం కాదు.

2023లో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ లభించింది. తెలుగువారందరికీ అది పండుగే. అయితే ఓటు వేసినవారిలో అత్యధికులకు తెలుగు రాదు. ఆ పాటలోని పల్లె పోలికలు, దేశ్యపదాల పోహళింపు, పాదాల నడక, ఇవి వారి తీర్పులో ఏ మేరకు ఉన్నాయి? పురస్కారం సముచితమే కావచ్చు. చంద్రబోస్ భాషా శక్తికి అది సాక్ష్యమని మాత్రం సిద్ధాంత వ్యాసంలో రాయకూడదు. ఆ శక్తిని పాట నుంచే నిరూపించాలి. ఇక ఆల్బమ్ అనే కొలమానాన్ని మన సినిమా పాటకు అంటగడితే చిక్కు పెరుగుతుంది. ఆ ఒక్క ‘ఆర్‌ఆర్‌ఆర్’లోనే చంద్రబోస్‌తో పాటు సిరివెన్నెల, సుద్దాల అశోక్‌తేజ, రామజోగయ్యశాస్త్రి వంటి పలువురి రచనలున్నాయి. ఆల్బమ్‌కు కిరీటం పెడితే అది ఎవరి కవిత్వానికి పెట్టినట్టు?

ఎంపికలే వద్దనడం నా వాదం కాదు. కథాసాహితి 1990 నుంచి ఏటా వెలువరిస్తున్న ‘కథ’ సంకలనాల ఎంపికలపైనా వాదాలున్నాయి. కానీ అక్కడ ఎంపిక చేసినవారి పేర్లు పుస్తకం మీద ఉంటాయి, ఎంపికైన కథ పాఠకుడి చేతిలో ఉంటుంది; అంగీకరించనివాడు కథను చదివి వాదించవచ్చు. ఎంపికకు ఉండవలసిన కనీస బాధ్యత అది.

కనుక పాటపై పరిశోధన చేసేవారికి మూడు నియమాలు ప్రతిపాదిస్తున్నాను. పురస్కారాన్ని పేర్కొన్నప్పుడు దానిని ఎవరు, ఏ పద్ధతిలో నిర్ణయించారో కూడా రాయాలి. తీర్పుకు హేతువు ప్రకటితమై ఉంటే ఆ హేతువును పరీక్షించాలి. లేకుంటే ఆ పురస్కారాన్ని జీవిత విశేషంగా మాత్రమే నమోదు చేయాలి. పాట గుణాన్ని గురించిన ప్రతి వాక్యానికీ పాటలోంచే ఆధారం చూపాలి. ఈ మూడూ పాటిస్తే మన సిద్ధాంత వ్యాసాలలో కొన్ని పుటలు తగ్గుతాయి. తగ్గనివ్వండి. ఇతరులు చెప్పకుండా వదిలేసిన హేతువును వెదికి చెప్పడమే పరిశోధకుడి పని. వారి తీర్పును ఎత్తి రాసుకోవడానికి పరిశోధకుడు అక్కరలేదు.